అన్నము – మనస్సు

ఛాందోగ్యోపనిషత్తులో ఒక చక్కని కథ కలదు. ఉద్దాలకుడను ఋషి తన కుమారుడగు శ్వేతకేతునకు అనేక విషయములు బోధించుచు, మనము తిను అన్నములోని సూక్ష్మాంశమే మనస్సుగా పరిణమించునని చెప్పెను. కుమారునకు ఆ సంగతి స్పష్టముగా బోధపడలేదు. అంతట తండ్రి యాతనిని 15 దినములు భోజనము మాని, నీరు మాత్రము త్రాగి యుండుమనెను. ఆ గడువు తీరిన పిమ్మట వేదమంత్రములను చెప్పుమని యడుగగా, శ్వేతకేతునకు ఒక్కటియు జ్ఞప్తికి రాలేదు. భోజనము చేసి వచ్చిన తరువాత అడిగినదానికెల్ల తడువుకొనక సమాధానము చెప్పెను. అన్నమునకును మనస్సునకును గల సంబంధము ఆతనికి అనుభవపూర్వకముగా తెలిసెను.

విద్యార్థులారా! ఆకలి బుద్ధిని మందగింపజేయునని మనమందరము ఎరుగుదుము. అయితే ఇంతకంటె సూక్ష్మమైన ప్రశ్న యొకటి కలదు. కడుపునిండ తిన్నవానికి సైతము ఆ తిండిలో ఏదో యొక స్వల్ప పదార్థము కొరవడినచో మనస్సు కలత చెందునా? నిద్ర పట్టకపోవుట, కారణము లేని భయము, అకారణమైన దిగులు అట్టి కొరతవలన కలుగునా? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రము నిశ్చయముగా ఇచ్చిన సమాధానములలో ముఖ్యమైనది ‘పెల్లాగ్రా’ అను వ్యాధి చరిత్రయందు కలదు. ఆ చరిత్ర ఐరోపాలో మొదలై, అమెరికాలో మలుపు తిరిగి, మన హైదరాబాదు వరకు వచ్చినది.

ముందుగా ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. బియ్యము, జొన్నలు, నూనె, నెయ్యి మొదలగునవి మన శరీరమునకు శక్తి నిచ్చును. పప్పులు, పాలు, గ్రుడ్లు, మాంసము కండను పెంచును. ఇవికాక జీవసత్త్వములు, ఖనిజ లవణములు అనునవి కలవు. ఇవి మిక్కిలి కొద్దిగా కావలెను. ‘నయాసిన్’ అను జీవసత్త్వము పెద్దవారికి దినమునకు సుమారు 15 మిల్లీగ్రాములు చాలును. అది యొక చిన్న ఉప్పుకల్లు బరువునకు మించదు. ఆ కొంచెము నెలల తరబడి అందనిచో మనుష్యుడు మంచము పట్టును. ఒక్కొక్కప్పుడు మతి కూడ తప్పును.

స్పెయిను దేశములోని అస్తూరియాసు ప్రాంతమున గాస్పర్ కసాల్ అను వైద్యుడు 1735లో ఒక వింత వ్యాధిని గమనించెను. అది నిరుపేద రైతులకు వచ్చుచుండెను. ఎండ తగులు చోట్ల, అనగా చేతులమీద, పాదములమీద, మెడచుట్టును చర్మము ఎర్రబారి, నల్లబడి, పెచ్చులు కట్టుచుండెను. మెడచుట్టు హారమువలె ఏర్పడు ఆ మచ్చను నేటికిని ‘కసాల్ హారము’ అని వైద్యులు పిలుచుచున్నారు. తరువాత ఇటలీలో ఇదే వ్యాధి కనబడగా, 1771లో ఫ్రపోల్లి అను వైద్యుడు ‘పెల్లాగ్రా’ అను పేరుతో దానిని వర్ణించెను. ఆ మాటకు గరుకు చర్మమని అర్థము.

ఈ వ్యాధి కనబడిన ప్రతి చోటను ప్రజల ముఖ్యాహారము మొక్కజొన్నయే. మొక్కజొన్న అమెరికా ఖండమునుండి ఐరోపాకు వచ్చిన పంట. దానిని వేల సంవత్సరములనుండి తినుచున్న మెక్సికో మున్నగు ప్రాంతముల ప్రజలకు ఈ వ్యాధి సాధారణముగా రాలేదు. ఏలయన వారు గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, పిదప రుబ్బి రొట్టెలు చేసికొనెడివారు. మొక్కజొన్నలోని నయాసిన్ ఇతర పదార్థములతో గట్టిగా ముడివడి యుండును. మన జీర్ణకోశము దానిని విడదీసికొనలేదు. సున్నము ఆ ముడిని విప్పును. ఐరోపావారు పంటను తెచ్చుకొనిరి కాని, దానిని వండు పద్ధతిని తెచ్చుకొనలేదు.

ఇరువదవ శతాబ్దారంభమున ఈ వ్యాధి అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున విజృంభించెను. 1906లో అలబామా రాష్ట్రములోని మౌంట్ వెర్నన్ అనుచోట, నల్లజాతివారికై నడుపబడుచుండిన మానసిక వైద్యశాలలో పెక్కుమందికి ఇది సోకి, వారిలో సగముకంటె ఎక్కువమంది మరణించిరి. తరువాతి మూడు నాలుగు దశాబ్దములలో ఆ దేశమున సుమారు 30 లక్షల మంది దీని బారిన పడిరనియు, లక్షమంది వరకు చనిపోయిరనియు అంచనా.

పెల్లాగ్రాలో చర్మము చెడుట, విరేచనములు, మతి చెడుట అను మూడు లక్షణములు చెప్పుదురు. కాని చర్మముపై మచ్చలు రాకమునుపే కొందరు రోగుల మనస్సునందు మార్పు కనబడుచుండెను. నిద్ర పట్టదు. చిన్న మాటకే కోపము వచ్చును. ఏదో కీడు మూడనున్నదను గుబులు పట్టుకొనును. పనిమీద మనసు నిలువదు. ఆ దశలో వారిని చూచినవారు పిరికివారనియో, సోమరులనియో తలచెడివారు. వ్యాధి ముదిరినప్పుడు కలవరించుచు, బంధువులను గుర్తుపట్టక, తుదకు పిచ్చాసుపత్రికి చేరెడివారు. అచ్చటను పెట్టునది ఆ మొక్కజొన్న తిండియే యగుటచే వ్యాధి నయమగుటకు మారుగా ముదురుచుండెను. రోగమునకు కారణమైన ఆహారమునే పెట్టుచు, రోగము కుదురుట లేదని వగచుట ఎంత విషాదకరము!

ఈ వ్యాధి ఏదో సూక్ష్మజీవివలన వచ్చు అంటువ్యాధియని ఆనాటి వైద్యులలో పెక్కుమంది నమ్మిరి. కొందరు వంశదోషమనిరి. మరికొందరు పేదల అపరిశుభ్రతయే కారణమనిరి. 1914లో ప్రభుత్వము ఈ విషయమును పరిశోధించు పనిని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యునకు అప్పగించెను. ఆయన 1874లో నాటి ఆస్ట్రియా-హంగెరీ సామ్రాజ్యములో ఒక యూదు కుటుంబమున జన్మించి, చిన్ననాడే తల్లిదండ్రులతో న్యూయార్కు నగరమునకు వలస వచ్చినవాడు.

గోల్డ్‌బెర్గర్ వైద్యశాలలను, అనాథశరణాలయములను తిరిగి చూచెను. ఒక చిన్న విషయము ఆయన కంటబడెను. రోగులతో ఒకే కప్పు క్రింద రేయింబవళ్ళు మెలగుచున్న దాదులకు, సేవకులకు పెల్లాగ్రా రాలేదు. అంటువ్యాధి యైనచో అది రోగిని పట్టి దాదిని విడుచుట యెట్లు? ఇరువురికిని గాలి యొకటే, నీరు ఒకటే, గదియు ఒకటే. భేదమంతయు పళ్ళెమునందే యుండెను. రోగులకు మొక్కజొన్న రొట్టె, బెల్లపు పాకము. సేవకులకు వానితోపాటు పాలు, మాంసము, గ్రుడ్లు.

ఆయన మిసిసిపీ రాష్ట్రములోని జాక్సను నగరమున రెండు అనాథశరణాలయముల పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడు గింజలు, బఠాణీలు ఇప్పించెను. మరుసటి సంవత్సరము ఆ పిల్లలలో పెల్లాగ్రా దాదాపు మాయమయ్యెను. తరువాత 1915లో అదే రాష్ట్రమున ఒక చెరసాల వ్యవసాయక్షేత్రములో, శిక్షను రద్దు చేయుదుమను మాటపై ఒప్పుకొనిన ఖైదీలకు మొక్కజొన్న, పాలిషు పట్టిన బియ్యము, పాకము మొదలగు వానితో కూడిన తిండిని మాత్రమే నెలల తరబడి పెట్టెను. కడవరకు నిలిచిన 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా లక్షణములు పొడసూపెను. ఖైదీలపై ఇట్టి పరీక్షలు చేయుటను నేటి వైద్యధర్మము అంగీకరింపదు. ఐనను ఆ పరీక్షతో వ్యాధికి ఆహారమే కారణమని తేలినది.

అప్పటికిని విమర్శకులు ఊరకుండలేదు. అందుచే 1916లో గోల్డ్‌బెర్గర్, ఆయన సహచరులు రోగుల రక్తమును తమ శరీరములోనికి సూదితో ఎక్కించుకొనిరి. రోగుల చర్మపు పెచ్చులను పిండితో కలిపి మ్రింగిరి. ఆయన భార్య మేరీ తానును పాల్గొందునని పట్టుపట్టి రక్తము నెక్కించుకొనెను. వారిలో ఒక్కరికిని పెల్లాగ్రా రాలేదు. అది అంటువ్యాధి కాదని చూపుటకు ఇంతకంటె ధైర్యమైన నిదర్శన మేమి కావలెను?

ఆయన అంతటితో ఆగక, పేదలు ఆ తిండినే ఏల తినుచున్నారని యడిగెను. 1916లో ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అను ఆర్థికశాస్త్రజ్ఞునితో కలిసి దక్షిణ కరోలినాలోని ఏడు నూలుమిల్లు గ్రామములలో ఇంటింటి రాబడిని, తిండిని లెక్కించెను. రాబడి తగ్గిన కొలది పెల్లాగ్రా పెరుగుచుండెను. భూములన్నియు ప్రత్తితో నిండిపోగా కూరపాదులకు, పాడిపశువులకు తావు లేకుండెను. చేతిలో సొమ్ము లేనివాడు చౌకగా దొరకు మొక్కజొన్నపిండినే కొనెను. అతని భయమునకు, మతిభ్రమకు మూలము వంశములో లేదు, స్వభావములో లేదు. కూలి రేటులోను, కొట్టు సరకులోను ఉన్నది.

గోల్డ్‌బెర్గర్ 1929లో మరణించెను. కొరవడిన పదార్థమేదో ఆయన కనుగొనలేకపోయినను, చౌకగా దొరకు ఈస్టు అను పులియజేయు పదార్థము ఆ వ్యాధిని అరికట్టునని కనుగొని వేలమందిని రక్షించెను. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్రాడ్ ఎల్వెజెమ్, ఆయన తోడివారు ఆ పదార్థము నికోటినిక్ ఆమ్లమని నిరూపించిరి. నయాసిన్ అనగా అదియే. పిమ్మట వైద్యులు దానిని రోగులకు ఇచ్చి చూడగా ఆశ్చర్యకరమైన ఫలితము కలిగెను. కలవరించుచున్నవారు కొన్ని దినములలోనే తేరుకొని, తమవారిని గుర్తుపట్టి మాటలాడసాగిరి.

ఇక మన దేశమునకు వత్తము. దక్కను పీఠభూమిలో మొక్కజొన్న కాదు, జొన్నయే పేదల ముఖ్యాహారముగా నుండెను. జొన్నరొట్టె, గటక, అంబలి వారి ప్రధాన భోజనము. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల (1969లో దీనికి జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వచ్చినది) శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు కూలీలలోను పెల్లాగ్రాను చూచిరి. మానసిక వైద్యశాలలలో చేరినవారిలో సైతము పెల్లాగ్రా రోగులు కొందరుండిరి. సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంటియా అను వైద్యులు 1960లో ఒక అభిప్రాయమును ప్రకటించిరి. జొన్నలో ‘లూసిన్’ అను మాంసకృత్తుల అంశము అధికముగా నుండుటచే అది నయాసిన్ పనికి అడ్డు తగులుచున్నదని వారి భావము. ఆ అభిప్రాయముపై తరువాత వాదోపవాదములు జరిగినవి. అయితే ఇదే పరిశోధనశాలలో పెల్లాగ్రా రోగుల మెదడులోని విద్యుత్తరంగములను యంత్రముతో నమోదు చేసి చూడగా, వానిలో మార్పులు కనబడెను. రోగి కలవరము వట్టి ఊహ కాదు, నటన కాదు. మెదడు పనిలోనే మార్పు వచ్చినదని దీనివలన తెలియుచున్నది. కాలక్రమమున ఆహారము ఒకే ధాన్యముపై ఆధారపడుట తగ్గిన కొలది ఈ వ్యాధి మన ప్రాంతమున అరుదైనది. ఇందు జొన్నను నిందింప నక్కరలేదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడైన జొన్నరొట్టె మేలైన భోజనమే. తోడు లేని ఏ ధాన్యమైనను దోషమే.

ఒక జీవసత్త్వము లేనంతమాత్రమున మనస్సు ఏల చెదరును? మెదడు బరువు మన శరీరము బరువులో సుమారు 50వ వంతు. కాని విశ్రాంతి సమయమున శరీరము వినియోగించు శక్తిలో సుమారు ఐదవ వంతును అదియే గైకొనును. ఆహారమునుండి శక్తిని వెలికితీయు పనిలో నయాసిన్‌తో ఏర్పడు సహాయక పదార్థములు ప్రతి జీవకణములోను కావలెను. అవి కొరవడినచో ఎక్కువ శక్తి కోరు మెదడు ముందుగా ఇబ్బంది పడుట సహజమే. మరియొక సంగతి కలదు. పాలలోను, గ్రుడ్లలోను, పప్పులలోను ఉండు ‘ట్రిప్టోఫాన్’ నుండి మన శరీరము కొంత నయాసిన్‌ను తయారు చేసికొనును. మనస్సు స్థిమితమునకు, నిద్రకు తోడ్పడు ‘సెరొటోనిన్’ కూడ ఆ ట్రిప్టోఫాన్ నుండియే పుట్టును.

ఇతర లోపములును మనస్సును తాకగలవు. బి-1 జీవసత్త్వమైన థయామిన్ లేని తిండిని తిన్న వ్యక్తులు చిరాకు, దిగులు, భయము పొందిరని 1940 ప్రాంతమున అమెరికాలో జరిగిన పరీక్షలలో వెల్లడియైనది. బి-12 తక్కువైనచో నరములు దెబ్బతినును, జ్ఞాపకశక్తి తగ్గును. ఇనుము తక్కువైనచో రక్తహీనత కలుగును. అప్పుడు రక్తము ప్రాణవాయువును చాలినంత మోయలేక గుండె వేగముగా కొట్టుకొనును. ఆయాసము, నీరసము, దడ కలుగును. ఇవి ఆందోళనలో కలుగు లక్షణములనే పోలియుండును. పరీక్ష గదిలో గుండెదడ కలిగిన బాలికకు అది భయమో, రక్తహీనతయో ఆమెకే తెలియకపోవచ్చును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదు. కనుక ఈ విషయము మీ తరగతి గదికి దూరమైనది కాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. రెండు సంగతులు కలిసి కనబడుట వేరు, ఒకటి మరియొకదానికి కారణమగుట వేరు. వాన కురిసిన దినమున వీధిలో గొడుగులు విరివిగా కనబడును. గొడుగులు వానను రప్పించినవని ఎవరును అనరు గదా! ఆందోళన గలవారిలో డి-జీవసత్త్వమో, మెగ్నీషియమో తక్కువగా నున్నదని కొన్ని పరిశోధనలు చెప్పుచున్నవి. కాని దిగులుతో నున్నవాడు సరిగా తినడు, ఎండలోనికి రాడు. కావున లోపము దిగులునకు ఫలితము కావచ్చును. పేదరికము ఆ రెంటికిని తల్లియు కావచ్చును. గోల్డ్‌బెర్గర్ ఆహారమును మార్చి చూపెను. మార్చినప్పుడు వ్యాధి పోయెను, తీసివేసినప్పుడు వచ్చెను. అట్టి నిదర్శనము దొరకువరకు శాస్త్రము ‘కావచ్చును’ అనునే గాని ‘అగును’ అని అనదు.

కావున దిగులు కలిగిన ప్రతివాడును మందుల దుకాణమునకు పరుగెత్తి మాత్రలు కొని మ్రింగుట తగదు. ఎ, డి జీవసత్త్వములు మోతాదు మించినచో హాని చేయును. ఇనుపమాత్రలు ఎక్కువగా మ్రింగిన చిన్నపిల్లలకు ప్రాణాపాయము కలుగును. లోపమున్నదో లేదో పరీక్ష చేసి చెప్పవలసినవాడు వైద్యుడు. ఇంటిలోని కలహము, ఆత్మీయుల వియోగము, చదువు ఒత్తిడి, ఇతరుల హేళన మనస్సును క్రుంగదీయును. అట్టి బాధను ఏ మాత్రయు తీర్చదు. దానిని పెద్దలతోను, ఉపాధ్యాయులతోను, అవసరమైనచో వైద్యునితోను చెప్పుకొనవలెను. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

మనము చేయదగిన పనులు సులభమైనవే. తవుడు పూర్తిగా పోని బియ్యమును వాడవలెను. గంజి వార్చినచో దానిని పారబోయరాదు. అందు జీవసత్త్వములు కరిగి యుండును. వేరుసెనగపప్పులో నయాసిన్ సమృద్ధిగా కలదు. కందిపప్పు, పెసలు, మునగాకు, తోటకూర, రాగులు, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు ఎవరి అలవాటునుబట్టి వారు తినవచ్చును. మాంసాహారము తిననివారు పాలు, పెరుగు మానరాదు. ఏలయన బి-12 మొక్కలలో లభింపదు. భోజనముతో నిమ్మకాయయో, ఉసిరికాయయో ఉన్నచో ఇనుము బాగుగా వంటబట్టును. తిన్న వెంటనే టీ త్రాగినచో అది వంటబట్టుట తగ్గును. మధ్యాహ్న భోజనములో వడ్డించు కూరను, గ్రుడ్డును ప్రక్కకు నెట్టివేయు బాలురు ఈ సంగతిని గమనింతురు గాక.

అన్నిటికంటె ముఖ్యమైనది మన దృష్టి. తరగతిలో ఒక బాలుడు ఊరక బెదరుచున్నచో, పాఠముపై మనసు నిలుపలేకున్నచో, చీటికిమాటికి చిరాకు పడుచున్నచో వానిని పిరికివాడని గేలి చేయుట తేలిక. ఒకప్పుడు లక్షలమంది పేదలను లోకము అట్లే సోమరులని, మతిలేనివారని, తక్కువ వంశమువారని నిందించెను. వారికి కొరవడినది గుణము కాదు. దినమునకొక ఉప్పుకల్లంత జీవసత్త్వము. తోటివాని స్వభావమును తూలనాడుటకు ముందు, వాడు నేడు ఏమి తిన్నాడో, రాత్రి నిద్రపోయినాడో, వాని మనసులోని బాధ యేమో అడిగి తెలిసికొనుడు. వైద్యునకైనను, స్నేహితునకైనను మొదట అడుగవలసిన ప్రశ్నలు ఇవియే.